రంగులక్క చూసిన గీత

ఆ పన్నెండు రోజులూ ఆమె నేల మీద నడిచిందంటే నమ్మడం కష్టం. అలాగని పనులేమీ మానలేదు. బస్సెక్కింది, దిగింది, మిల్లుకి వెళ్ళింది, కూరలు తరిగింది, అత్తగారి కళ్ళలో మందు చుక్కలు వేసింది. కానీ నిండా నీళ్ళు పోసిన గిన్నె ఒకటి ఒంట్లో ఎక్కడో ఉన్నట్టూ, దాన్ని తొణక్కుండా మోసుకు తిరుగుతున్నట్టూ ఉండేది వాలకం. మెట్ల దగ్గర మరీను. ఒక్కో మెట్టునూ పలకరించి దిగేది.

ఆమెది బట్టల మిల్లులో రంగులు సరిచూసే పని. బట్ట కొనే పార్టీవాళ్ళు అరచేయంత గుడ్డముక్క పంపి, ఇదే రంగులో మూడు వేల మీటర్లు కావాలంటారు. అద్దకంవాళ్ళు ముందు ఒక చిన్న ముక్కకి రంగేసి, ఆరబెట్టి, ఆమె బల్ల మీద పెడతారు. ఆమె రెండు ముక్కలనీ లైట్ బాక్స్‌లో పక్కపక్కన పెట్టి, పగటి వెలుగు, కొట్టు వెలుగు, ఇంటి దీపం వెలుగు అని మూడు రకాల బల్బులు మార్చి మార్చి చూస్తుంది. "ఇందులో పసుపు చిటికెడు ఎక్కువైంది" అని తేల్చేస్తుంది. పగటి వెలుగులో కవలపిల్లల్లా ఉన్న ముక్కలు ఇంటి దీపం కింద ఒకదాని మొహం ఒకటి చూసుకోవు మరి. కళ్ళు మోసపోకూడదని ఆ గదిలో గోడలూ, బల్లా, ఆమె వేసుకునే కోటూ అన్నీ బూడిద రంగే. ఇరవై ఏళ్ళుగా ఆ బూడిదలో కూర్చుని లోకంలోని రంగులన్నిటికీ తీర్పులు చెబుతోంది. మిల్లులో అందరూ రంగులక్క అంటారు. అసలు పేరు హాజరు రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన కూడా పుస్తకం చూసి చెప్పాల్సిందే.

రంగుని అంకెల్లో చెప్పే మిషన్ కూడా ఉందక్కడ. మిషన్ సరేనన్నదాన్ని రంగులక్క కాదంటే మిల్లు మాస్టరు ఆమె మాటే వింటాడు. ఒక్కసారి వినలేదు. ఆ సారి బట్టంతా తిరిగొచ్చి గోడౌన్‌లో పడింది. అప్పటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఆమె ఒక్కదానికే కనిపించే తేడా ఏదైనా ఉంటే, ఆమెను అటు తిరగమని మూడు ముక్కలు తీస్తాడు. రెండు ఒకటే రకం, ఒకటి వేరు. కలిపేసి బల్ల మీద పరుస్తాడు. వేరేది ఏదో ఆమె పట్టుకోవాలి. అయిదుసార్లకి అయిదుసార్లూ పట్టుకుంటే తేడా ఉన్నట్టు, ఒక్కసారి తప్పినా లేనట్టు. ఇంతవరకు తప్పలేదు.

ఇంత పదునైన కళ్ళున్న మనిషి నాలుగేళ్ళుగా ఒక్క గీత కోసం తపించిపోయింది.

ఆమెకి నలభై ఒకటి. ఆసుపత్రిలో రెండుసార్లు ప్రయత్నించారు, రెండుసార్లూ నిలవలేదు. ఇది మూడోసారి. ల్యాబులో అయిదు రోజులు పెరిగి నిలబడింది ఒకే ఒక్క పిండం. దాన్నే కడుపులో పెట్టారు. ఇదే ఆఖరుసారని మొగుడూ పెళ్ళాం ముందే అనుకున్నారు. ఒళ్ళు ఇక సూదులు భరించనంటోంది. డాక్టరమ్మ కూడా "ఆపైన మీ ఇష్టం" అని ఊరుకుంది. డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో ఇద్దరికీ తెలుసు.

పిండం పెట్టిన రోజు ఇంజెక్షన్ల సిస్టరు మంచం పక్కన నిలబడి అందరికీ చెప్పేదే చెప్పింది.

"పదో రోజు పొద్దున వచ్చి రక్తం ఇవ్వండి. అంతదాకా ఇంట్లో టెస్టు మాత్రం చేసుకోవద్దమ్మా. గుడ్లు తీసే ముందు ఇచ్చిన ఇంజెక్షన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది. కడుపులో ఏమీ లేకపోయినా అదే గీత చూపిస్తుంది. లేనిపోని ఆశ పెట్టుకుంటారు."

అందరూ బుద్ధిగా తలూపుతారు. అందరూ ఇంటికెళుతూ మందుల షాపు దగ్గర ఆగుతారు. రంగులక్కా ఆగింది. కాకపోతే ఆమె ఒకే లాట్ నెంబరు ఉన్నవి, అంటే ఒకే విడతలో తయారైన టెస్టు స్ట్రిప్పులు, ఇరవై కావాలంది. షాపతను తీసిన ప్రతి ప్యాకెట్టునీ తిప్పి చూసి, రెండు వెనక్కిచ్చేసింది.

"ఏ నెంబరైతే ఏంటమ్మా, చూపించేది ఒకటేగా?" అన్నాడతను.

"లాట్ మారితే రంగు మారుతుంది బాబూ," అంది ఆమె. అలాంటి గిరాకీ అతనికి అంతకుముందు తగిలి ఉండదు.

భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం మేడలు జనం ఎక్కి దిగేది ఆయన బిగించిన తాళ్ళ మీదే. బస్సులో ఆమె ఒళ్ళోని పొట్లం వైపు చూసి, "సిస్టర్ వద్దంది కదా?" అన్నాడు మెల్లగా.

"ఇంజెక్షన్ గీత రోజురోజుకీ వెలిసిపోతుందండీ. పూర్తిగా పోయేదాకా చూస్తాను. పోయాక మళ్ళీ వచ్చిందనుకోండి, అది ఇంజెక్షన్‌ది కాదు కదా."

ఆయన రెండు స్టాపుల దూరం ఆలోచించాడు. ఎక్కడా లొసుగు దొరకలేదు.

"నువ్వు ఆశ పెట్టుకుంటావు," అన్నాడు చివరికి.

"పెట్టుకుంటాను. ఆశే లేకపోతే ఇన్ని సూదులు ఎవరు పొడిపించుకుంటారు?"

ఆయన ఆమె ఒళ్ళోంచి పొట్లం తీసి తన సంచిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

స్ట్రిప్పు పనిచేస్తోందని చెప్పే మొదటి గీత ఎప్పుడూ వచ్చేదే. మొదటి రోజు పొద్దున రెండో గీత కూడా స్పష్టంగానే వచ్చింది. లెక్క ప్రకారం పది నిమిషాలకి చూసి, ఆరబెట్టి, బూడిద రంగు అట్ట మీద అంటించి కింద తేదీ వేసింది. వంటింటి కిటికీ దగ్గర, రోజూ అదే వేళకి, అదే వెలుగులో. రెండో రోజు కాస్త తగ్గింది. మూడో రోజు ఇంకా తగ్గింది. నాలుగో రోజున దాన్ని గీత అనడానికి ఆమె తప్ప ఎవరూ ఒప్పుకోరు. అయిదో రోజు ఆ చోటు తెల్లగా ఉంది.

ఆమె అనుకున్నట్టే జరిగింది. జరిగినందుకు సంతోషించాల్సింది. స్టవ్వు మీద టీ పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయింది.

"పోవాలనే కదా చూస్తున్నావు?" అన్నాడు ఆయన స్టవ్వు ఆపుతూ.

"పోవాలనే. పోయాక మాత్రం బాధేసిందండీ. మందుదైనా, నాలుగు రోజులు ఉంది కదా."

ఆరో రోజు పొద్దున ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. ఆమె కిటికీ దగ్గర నిలబడి, పది నిమిషాలూ కాచుకుని, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసింది. వెంటనే స్ట్రిప్పు కింద పెట్టేసి గోడ వైపు తిరిగింది. కోరి చూసే కళ్ళని నమ్మకూడదని ఆమెకి తెలుసు. ఎర్రని బట్టని అదేపనిగా చూసి తల తిప్పితే తెల్లగోడ కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది. మనసుకీ అంతేనేమో. నిమిషం పాటు గోడనే చూసి మళ్ళీ తిరిగింది. ఉంది. లేత గులాబీ. గాలి ఊదితే పోయేంత లేతగా, కానీ ఉంది.

భర్తను లేపింది. ఆయన కళ్ళు నులుముకుని, స్ట్రిప్పుని దగ్గరగా, దూరంగా, వాలుగా పట్టుకుని చూశాడు.

"ఒకటే కదా ఉంది?"

"రెండోది ఉందండీ."

"నాకు కనబడటం లేదు," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో మొహంలోనే తెలిసింది.

అప్పుడామె మిల్లు పద్ధతి తీసింది. రెండు కొత్త స్ట్రిప్పులు మంచినీళ్ళలో ముంచింది. వాటి మీద ఒక్కో గీతే వచ్చింది. తన స్ట్రిప్పు వెనక మాత్రం ఆయన చేత పెన్నుతో చుక్క పెట్టించింది. "నేను అటు తిరుగుతాను. మూడూ కలిపేసి తువ్వాలు మీద పరవండి. ఎలా పెట్టారో చెప్పకండి, నా మొహం వైపు కూడా చూడకండి," అంది. ఆయన పేకముక్కలు కలిపినంత శ్రద్ధగా కలిపాడు.

ఆమె తిరిగి, వంగి, మధ్యలోది తీసింది. ఆయన వెనక్కి తిప్పి చూశాడు. చుక్క ఉంది. రెండోసారి ఎడమది తీసింది. చుక్క. మూడోసారి మళ్ళీ ఎడమదే. చుక్క.

ఇంతలో అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆవిడ కళ్ళలో పొర ముదిరి ఆపరేషన్‌కి రోజు రాయించుకుని ఉంది. చూపు తగ్గింది గానీ కుతూహలం వీసమెత్తు తగ్గలేదు. తువ్వాలు మీంచి ఒకటి తీసి మొహానికి ఆనించుకుని, "ఇదిగో! రెండు గీతలు! గీసినట్టున్నాయి!" అని కేకేసింది.

కొడుకు దాన్ని తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు.

"అది నీళ్ళలో ముంచిందమ్మా."

"అలాగా," అంది అత్తగారు ఏ మాత్రం తొణక్కుండా. "నువ్వు కూడా నాకు ఇద్దరు కనిపిస్తున్నావులే. ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను."

రంగులక్క నవ్వింది. నవ్వుతూ ఉంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, మిగతా రెండుసార్లూ పూర్తి చేసింది. నాలుగోసారి చుక్క. అయిదోసారి చుక్క.

మెకానిక్కు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మూడు ముక్కలనీ మళ్ళీ మళ్ళీ చూశాడు. ఆయనకి మూడూ ఒకటే. "నాకు కనబడకపోయినా ఉన్నట్టేగా?" అన్నాడు.

"ఉన్నట్టే."

"అయితే ఉంది," అన్నాడాయన. అత్తగారు కోడలి తల ఎక్కడుందో తడిమి పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

అక్కడి నుంచి రోజులు ఎలా గడిచాయో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నవన్నీ ఆ రంగువే. బస్సులో ముందు సీట్లో కూర్చున్న పాప చెవి వెనక ఎండ పడితే ఆ రంగే. ఉల్లిపాయ మీది చివరి పొర తీస్తే ఆ రంగే. సాయంత్రం ఎదురింటి సిమెంటు గోడ మీద నాలుగు నిమిషాలు ఆ రంగే ఉండి వెళ్ళిపోయేది. ఇరవై ఏళ్ళలో ఆ షేడుని ఎన్నిసార్లో చూసింది, దానికి మిల్లులో నెంబరు కూడా ఉంది. ఇంత అందంగా ఉంటుందని మాత్రం తెలియలేదు. బూడిద గదిలో కూర్చుని ఉండగా గోడలు మెల్లగా వెనక్కి జరిగినట్టూ, కిటికీ లేని చోటు నుంచి గాలి వచ్చినట్టూ అనిపించేది. మగ్గాల చప్పుడు దూరంగా ఎక్కడో నీళ్ళలోంచి వినబడేది. పక్కవాళ్ళు రెండుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు.

వాళ్ళుండేది మూడో అంతస్తు. ఆ మేడలో లిఫ్టు ఏడాదిగా కదలదు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషికి సొంత ఇంటి లిఫ్టు చూసే తీరిక ఎక్కడిది? ఏడో రోజు సెలవు పెట్టి, పొద్దుటి నుంచి ఆ లిఫ్టు గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఒంటినిండా గ్రీజు పూసుకుని సాయంత్రానికి దాన్ని నడిపించాడు. కింది వాటా ఆవిడ వచ్చి, మా అందరి కోసం ఎంత కష్టపడ్డారండీ అని మెచ్చుకుంటే, ఆయన సిగ్గుపడి ఊరుకున్నాడు. తర్వాత పెళ్ళాన్ని ఒక్కదాన్నే ఎక్కించి, తాను మెట్ల మీద పక్కనే పరిగెడుతూ ప్రతి అంతస్తు దగ్గరా తలుపు సందులోంచి చూసి, "కుదుపేమైనా ఉందా?" అని అడిగాడు. ఆ పరుగు చూసి ఆమెకి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఎనిమిదో రోజు ఆమె ఒక తప్పు చేసింది. ఇంటి వెలుగు చాలలేదు. పక్కపక్కన పెడితే ఆరు, ఏడు, ఎనిమిది రోజుల గీతలు మూడూ ఒకే మోతాదులో ఉన్నట్టు అనుమానం వచ్చింది. నిలిచే కడుపైతే గీత రోజురోజుకీ చిక్కబడాలి. అందుకని ఆ రోజు స్ట్రిప్పుని చిన్న కవర్లో పెట్టుకుని మిల్లుకి తీసుకెళ్ళింది. భోజనాలవేళ గదిలో ఎవరూ లేనప్పుడు లైట్ బాక్స్‌లో పెట్టి పగటి వెలుగు వేసింది.

వెనక నుంచి మాస్టరు వచ్చాడు. ముసలాయన. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి వంగి చూశాడు. లైట్ బాక్స్‌లో ఏది పెట్టినా అది పార్టీ పంపిన శాంపిలే అనుకోవడం ఆయనకి నలభై ఏళ్ళ అలవాటు.

"ఏ పార్టీదమ్మా ఇది? కాగితం మీద వేశారేంటి?" అని, ఆమె జవాబు చెప్పేలోపే, "గులాబీ. చాలా లేత. బాగుంది గానీ, పట్టు లేదు. ఇది నిలిచే రంగు కాదమ్మాయ్, ఒక్క ఉతుకుకి పోతుంది," అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టి స్ట్రిప్పు తీసుకుంది. దాన్ని ఆమె గబుక్కున కవర్లో దాచుకోవడం చూశాక, ఆ ముక్క ఆకారం చూశాక, ముగ్గురు కూతుళ్ళ తండ్రి కాబట్టి ఆయనకి అర్థమైంది. మొహం కందిపోయింది. ఆ మిల్లులో తన చూపు మీద ఈగ వాలనివ్వని మనిషి, కళ్ళజోడు కిందికి లాక్కుని, "నాకు చూపు బొత్తిగా పోయిందమ్మా," అన్నాడు. "ఈ మధ్య ఏది చూసినా తప్పే చెబుతున్నాను. నా మాట పట్టించుకోకు."

"అలాగే మాస్టారూ," అంది ఆమె. ఆయన చూపు ఎంత మంచిదో ఆమెకి తెలుసు. తను తప్ప ఆ గీతను చూసిన మనిషి ఆయన ఒక్కడే.

తొమ్మిదో రోజు గీత చిక్కబడలేదు. "ఎలా ఉంది?" అని భర్త అడిగితే, "ఉంది," అని చెప్పింది. అది అబద్ధం కాదు.

పదో రోజు రక్తం ఇచ్చి వచ్చారు. మధ్యాహ్నం సిస్టరు ఫోను చేసింది. "కడుపు హార్మోను పద్దెనిమిది వచ్చిందమ్మా. తక్కువే. లేదని కాదు. ఎల్లుండి మళ్ళీ చూద్దాం, రెట్టింపు కావాలి," అంది. అత్తగారు పక్క నుంచి, "పద్దెనిమిదంటే మంచి సంఖ్యే కదే!" అంది.

పదకొండో రోజు పొద్దున కిటికీ దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. గీత నిన్నటికంటే పలచబడింది. ఇంకెవరికీ తెలిసే తేడా కాదది. వెలిసిపోవడం ఎలా ఉంటుందో ఆమెకి చెప్పక్కర్లేదు. "ఉండు," అంది దానితో. "ఇంకొంచెంసేపు ఉండు." కొళాయిలోంచి నీటిచుక్కలు పడుతున్నాయి. ఎదురింట్లో ఎవరో దుప్పటి దులుపుతున్నారు. పక్కగదిలో భర్త నిద్రలో అటు నుంచి ఇటు తిరిగాడు. ఆమెకి ఏడుపు రాలేదు. ఆ గీత ఉన్నంతసేపు ఏడవడం దానికి మర్యాద కాదనిపించింది. ఆ రోజు మిల్లుకి వెళ్ళకుండా, కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుని, తనకి తెలిసిన రంగులన్నిటి గురించీ ఒక్కొక్కటే దానికి చెప్పింది. ఆకుపచ్చలో పద్నాలుగు రకాలూ చెప్పింది. నీలం దగ్గరికొచ్చేసరికి నిద్రపట్టింది.

పన్నెండో రోజు రెండో గీత చోటు తెల్లగా ఉంది.

భర్తకి చెప్పలేదు. స్నానం చేసి, జడ వేసుకుని, ఆయన పక్కన బస్సులో కూర్చుంది. రక్తం ఇచ్చి, వసారాలో బెంచీ మీద ఇద్దరూ రెండు గంటలు కూర్చున్నారు. ఆయన ఆమె వేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు, తాడు జారకుండా పట్టుకున్నట్టు. ఆ వేళ్ళు చల్లబడి ఉండటం చూసి ఆయనకీ సగం తెలిసిపోయింది.

సిస్టరు లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. మంచి మనిషే. కాగితం వైపు చూడకుండా వాళ్ళ మొహాలు చూసి చెప్పింది.

"నాలుగుకి పడిపోయిందమ్మా. కడుపు నిలవడానికిచ్చిన మాత్రలు ఈ రాత్రి నుంచి ఆపెయ్యండి. ఇలా అప్పుడప్పుడు అవుతుంది. మొదట్లోనే ఆగిపోతుంది. చాలామందికి వచ్చిన సంగతి కూడా తెలియదు. అసలు ఇది ఉన్నట్టు లెక్కలోకి రాదమ్మా, మనసు కష్టపెట్టుకోకండి. ఫైల్లో నెగటివ్ అని రాసేస్తాను."

నాలుగేళ్ళలో ఆ ఆసుపత్రిలో ఆమె ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. పడుకోమంటే పడుకుంది, చెయ్యి చాపమంటే చాపింది.

"అలా రాయకండి సిస్టర్," అంది.

సిస్టరు పెన్ను ఆపింది.

"ఆరో రోజు పొద్దున వచ్చింది. పదకొండో రోజు దాకా ఉంది. అలా రాయండి."

"ఫారంలో దానికి గడి లేదమ్మా. పాజిటివా నెగటివా, రెండే."

"పక్కన ఖాళీ ఉంది కదా. అక్కడ రాయండి."

సిస్టరు ఏం చెయ్యాలో తోచక భర్త వైపు చూసింది, మీరైనా నచ్చజెప్పండి అన్నట్టు. ఆయన ఎప్పుడూ నీళ్ళు నమిలే మనిషి. మాట బయటికి వచ్చేసరికి మొహమంతా తడిసిపోయి ఉంది.

"రాయండి సిస్టర్," అన్నాడు. "నేను రోజూ చూశాను. నాకు ఒక్కరోజు కూడా కనబడలేదు. కానీ ఉంది."

సిస్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, తేదీలు అడిగి రాసుకుంది.